అడ్మిషన్ రిజిస్టరు కూడా శాసనమే



వార్షికోత్సవ సంచిక చేతికి రాగానే మనం ముందు వెతికేది మన ఫొటో. తర్వాత మన బ్యాచ్ వాళ్ల పేర్లు. ఆ తర్వాతే వార్డెన్ గారి సందేశమైనా, కవితలైనా, సూక్తులైనా. ఇందులో తప్పేమీ లేదు. అచ్చులో తన పేరు చూసుకోవాలన్న కోరిక ప్రతి మనిషికీ ఉంటుంది. మన తాతముత్తాతలకూ ఉండి ఉంటుంది. కానీ వాళ్ల పేర్లు అచ్చులోకీ రాలేదు, రాయి మీదకీ ఎక్కలేదు. ఈ వ్యాసంలో నేను మాట్లాడదలచుకున్నది ఆ విషయమే.

నా ప్రతిపాదన ముందే చెప్పేస్తాను. మన హాస్టల్, మన పూర్వ విద్యార్థుల సంఘం కలిసి, జిల్లాలో చరిత్ర పరిశోధన చేసే సంఘాలతో చేయి కలపాలి. వాళ్లు వచ్చి వేదిక మీద ఉపన్యాసం ఇస్తే మనం కింద కూర్చుని చప్పట్లు కొట్టే పద్ధతి వద్దు. మన పేటల చరిత్ర, మన హాస్టళ్ల చరిత్ర సేకరించే పనిలో మనం సభ్యులుగా, బాధ్యులుగా ఉండాలి. పని నేర్పడానికి వాళ్లు తోడు రావాలి. ఇది ఎందుకు అవసరమో, ఎందుకు ఇప్పుడే అవసరమో వివరిస్తాను.

చరిత్ర సంఘాలు చేసిన మేలు

ముందుగా వాళ్ల మేలు చెప్పుకోవడం ధర్మం. మన గోదావరి ఒడ్డునే పెద్ద ఉదాహరణ ఉంది. రాజరాజ నరేంద్రుడు పట్టాభిషిక్తుడై 900 ఏళ్లు నిండిన 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వేంకట కృష్ణారావు, రాళ్లబండి సుబ్బారావు వంటి వారు అందులో పనిచేశారు. ఊళ్లలో ఉన్న శాసనాలను, రాగిరేకులను వెతికి, చదివి, అచ్చు వేశారు. 1926 నుంచి ఇంగ్లీషులో ఒక పరిశోధన పత్రిక కూడా నడిపారు. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికే రాగిరేకు విలువ తెలిసిన మనిషి ఊళ్లో లేకపోతే, అది కొలిమిలో కరిగి చెంబో, గిన్నో అయిపోతుంది. అలా కరిగిపోకుండా ఎన్నింటినో ఇలాంటి సంఘాలు కాపాడాయి. రాజమండ్రిలో రాళ్లబండి సుబ్బారావు గారి పేరున ప్రభుత్వ ప్రదర్శనశాల ఇప్పటికీ ఉంది. చూడనివాళ్లు ఒక ఆదివారం వెళ్లి చూసి రండి.

హైదరాబాదు రాజ్యంలోనూ ఇదే పని జరిగింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో కన్నుమూశాక ఆయన పేరున నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనాలను పుస్తకంగా తెచ్చింది. ఈ రోజుల్లో కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటివి పనిచేస్తున్నాయి. ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు సెలవు రోజుల్లో గుట్టలు, చెరువుగట్లు తిరిగి పాత రాళ్లను, బొమ్మలను గుర్తించి లోకానికి చెబుతున్నారు. చరిత్ర అంటే యూనివర్సిటీ ప్రొఫెసర్లు మాత్రమే చేయగలిగిన పని కాదని వీళ్లందరూ రుజువు చేశారు. మనకు కావలసిన మొదటి ధైర్యం అదే.

అందులో మనం ఎక్కడ?

ఇక రెండో మాట. రాజమండ్రి మండలి వేసిన ప్రత్యేక సంచికల పేర్లు చూడండి. రాజరాజ నరేంద్ర పట్టాభిషేక సంచిక, కళింగ సంచిక, కాకతీయ సంచిక, రెడ్డి సంచిక. అన్నీ రాజుల పేర్లు, రాజ్యాల పేర్లు. ఇది ఆ పెద్దల మీద నింద కాదు. వాళ్లకు దొరికిన ఆధారాలు అలాంటివి. శాసనం వేయించేది దానం ఇచ్చినప్పుడు. రాయి మీద పేరు ఎక్కాలంటే దానం ఇచ్చి ఉండాలి, లేదా పుచ్చుకుని ఉండాలి. ఇవ్వడానికి భూమి లేనివాడికి, పుచ్చుకోవడానికి అర్హత లేదన్నవాడికి రాయి మీద చోటెక్కడిది? 11వ శతాబ్దపు నందంపూడి శాసనం రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు అగ్రహారం ఇచ్చిన సంగతి చెబుతుంది. ఇచ్చిన రాజు పేరు ఉంది, పుచ్చుకున్న పండితుడి పేరు ఉంది. ఆ అగ్రహారంలో నాగలి పట్టినవాడి పేరు చరిత్రకు అందలేదు.

అది వెయ్యేళ్ల కిందటి మాట అంటారా? దగ్గరి కాలానికే వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు మన జిల్లాల్లో తెలియని పిల్లవాడు లేడు. ఆయన విగ్రహం లేని ఊరు తక్కువ. ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్న గారి పేరు కూడా చదువుకున్నవాళ్లకు తెలుసు. ఆ ఎండలో రాళ్లు మోసిన వేలాది కూలీలలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. మన అన్నం గోదావరి నీళ్లతో పండుతోంది. ఆ నీళ్లను కాలువలకు మళ్లించిన చేతులు ఎవరివో మనకు తెలియదు.

ఇంకో సంగతి. మండలి పుట్టిన 1920ల రాజమండ్రిలోనే కుసుమ ధర్మన్న గారు ఉన్నారు. తెల్ల దొరతనం వద్దని దేశమంతా పాడుతున్నప్పుడు, మా మీద సాగుతున్న నల్ల దొరతనం సంగతేమిటని పాట కట్టి అడిగిన కవి ఆయన. 'జయభేరి' పత్రిక నడిపారు. అంతకు ముందే, 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ గారి అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్లు 'పంచములు' అనే పేరును తిప్పికొట్టారు. ఈ నేలకు మొదటివాళ్లం మేము, మమ్మల్ని ఆది ఆంధ్రులు అనండి అన్నారు. గమనించండి, అది చరిత్ర ఆధారంగా చేసిన వాదన. తిండి గురించో, భూమి గురించో అడగడానికి ముందు మన పెద్దలు తమ చరిత్రను తాము చెప్పుకున్నారు. ఒక ఊళ్లో ఒకే కాలంలో ఇటు శాసనాలు చదివే మండలి, అటు పేటల్లో ఈ చైతన్యం. ఈ రెండూ కలిసి పనిచేసి ఉంటే ఈరోజు మన అల్మారాలో ఇంకో సంచిక కూడా ఉండేది. వందేళ్ల తర్వాతైనా ఆ పని మనం మొదలుపెట్టవచ్చు.

మనకూ చరిత్రకారులు ఉన్నారు

మన దగ్గర ఏముంది అని చిన్నబోవలసిన పనిలేదు. చరిత్ర సంఘం అనే మాట పుట్టకముందే మన కులాలకు చరిత్ర చెప్పేవాళ్లు ఉన్నారు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, మాలలకు కథ చెప్పే మాష్టీలు ఆ పని తరతరాలుగా చేశారు. పుట్టుపూర్వోత్తరాలు, వంశాలు నోటితో నిలబెట్టారు. కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు కిన్నెర వాయిద్యం గురించి అందరూ రాశారు. ఆ వాయిద్యం వెనక ఉన్న డక్కలి సంప్రదాయం గురించి రాసినవాళ్లు తక్కువ.

కాగితం మీద పెట్టినవాళ్లూ ఉన్నారు. హైదరాబాదు రాజ్యంలో దళిత ఉద్యమంలో స్వయంగా పాల్గొన్న పి.ఆర్. వెంకటస్వామి గారు ఆ ఉద్యమ చరిత్రను ఇంగ్లీషులో రాసి 1955లో ప్రచురించారు. 2020లో అది మళ్లీ అచ్చయింది. భాగ్యరెడ్డివర్మ, అరిగె రామస్వామి వంటి నాయకుల పని గురించి ఇవాళ ఎవరు రాయాలన్నా ఆ పుస్తకం తెరవక తప్పదు. మన కోనసీమ బిడ్డ బోయి భీమన్న గారు పాలేరు బతుకు నుంచి పద్మశ్రీ వరకు తన జీవితాన్ని తానే రాసుకున్నారు. ఈ ఇద్దరూ రాయకపోతే ఎంత పోయేదో ఆలోచించండి. రాయకుండా పోయిన వాళ్లతో ఎంత పోయిందో కూడా ఆలోచించండి.

ఇక రాళ్ల సంగతికి వస్తే, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున వేల ఏళ్ల నాటి నిలువురాళ్లు ఉన్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. పరిశోధకులు వచ్చి వాటి విలువ చెప్పేదాకా వాటిని ఎవరు కాపాడారు? ఊరివాళ్లు. దేవుళ్లని మొక్కి కాపాడుకున్నారు. పండితులు, ఊరి జనం కలిస్తే ఏమవుతుందో ఆ రాళ్లు చెబుతున్నాయి. జనం దగ్గర వస్తువు, జ్ఞాపకం ఉంటాయి. సంఘం దగ్గర చదివే పద్ధతి, భద్రపరిచే పద్ధతి ఉంటాయి. రెండూ కలిస్తేనే చరిత్ర నిలుస్తుంది.

మన కళ్ల ముందు ఏం పోతున్నది

మన హాస్టల్ ఆఫీసు బీరువాలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, తండ్రి వృత్తి, చేరిన తేదీ, వెళ్లిన తేదీ. నా పేరు పక్కన 'వ్యవసాయ కూలీ' అని రాసి ఉంది. నా పై వరుసలో ఉన్నవాడికీ అదే, కింద వరుసలో ఉన్నవాడికీ అదే. ఆ రోజుల్లో ఆ గడి నింపడానికి గుమాస్తా గారికి పెద్దగా ఆలోచించే పని ఉండేది కాదు. తర్వాతి సంవత్సరాల పుటలు తిప్పితే మెల్లగా 'తాపీ మేస్త్రి', 'ఆటో డ్రైవరు', 'అటెండరు' అని కనబడతాయి. ఒక ప్రాంతంలో మన బతుకులు ఎలా మారాయో ఇంత స్పష్టంగా చెప్పే కాగితం ఇంకెక్కడ ఉంది? రాజులు రాళ్ల మీద చెక్కించుకున్నారు. మన ఇళ్లలోంచి మొదటిసారి బడికి వచ్చిన పిల్లవాడి పేరు చెక్కిన చోటు ఈ రిజిస్టరు. ఇది మన శాసనం.

ఈ శాసనాలకు చెదలు పడుతున్నాయి. నేను కొంతకాలం ఉన్న మరో హాస్టల్ పాత భవనం ఖాళీ చేసినప్పుడు, దశాబ్దాల రిజిస్టర్లు, సందర్శకుల పుస్తకాలు గోనె సంచుల్లో కట్టి వరండాలో వానకు వదిలేశారు. ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. అవి చరిత్ర అని అక్కడ ఎవరికీ ఎవరూ చెప్పలేదు. పిల్లలు తగ్గారని హాస్టళ్లు మూసినప్పుడు, పక్క హాస్టల్లో కలిపినప్పుడు మంచాలు, గిన్నెలు లెక్కపెట్టి అప్పజెబుతారు. పాత కాగితాల లెక్క ఎవరడుగుతారు?

మనుషులు ఇంకా వేగంగా పోతున్నారు. 1944లో అంబేద్కర్ గారు ఆంధ్ర ప్రాంతంలో పర్యటించారు. ఏలూరులో సభ జరిగింది. ఆనాడు తండ్రి భుజాల మీద కూర్చుని ఆయన్ను చూసిన పిల్లలు ఇవాళ బతికి ఉంటే ఎనభై ఐదు దాటి ఉంటారు. మద్రాసు ప్రభుత్వ కాలంలో లేబర్ శాఖ నడిపిన బడుల్లో అక్షరాలు దిద్దినవాళ్లు, మొదటి తరం పంతుళ్లు, ఎస్.ఆర్. శంకరన్ గారు సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉన్న రోజుల్లో హాస్టళ్లలో చదివినవాళ్లు, ఆ హాస్టళ్లలో వంట చేసినవాళ్లు, కామాటీలు, వాచ్‌మన్‌లు అందరూ వృద్ధులు. 1986 గోదావరి వరదలో, 1996 కోనసీమ తుఫానులో మన పేటలు ఎలా నిలబడ్డాయో చెప్పగలిగిన అవ్వలు ఊరికి నలుగురైదుగురే మిగిలారు. ఒక పెద్ద మనిషి పోతే మనం దినం చేస్తాం, ఫొటోకు దండ వేస్తాం. ఆయనతో పాటు పోయిన సంగతులకు దండ వేసేవాళ్లు లేరు.

ఎలా చేయాలి

ఇది కోట్ల రూపాయల పని కాదు. నాలుగు పనులు చెబుతాను.

మొదటిది, రిజిస్టర్లు. అవి ప్రభుత్వ ఆస్తి. మనం ఇంటికి తెచ్చుకోకూడదు. పూర్వ విద్యార్థుల సంఘం తరఫున వార్డెన్ గారి ద్వారా జిల్లా సంక్షేమ అధికారులకు అర్జీ పెట్టి, పాత రిజిస్టర్లను పుట పుటా ఫొటో తీయడానికి అనుమతి అడగాలి. పాత కాగితాన్ని ఎలా విప్పాలి, ఎలా తుడవాలి, ఎలా కట్టాలి అన్నది చరిత్ర సంఘం వాళ్లు, గ్రంథాలయం వాళ్లు మనకు నేర్పాలి. ఇటీవలి పిల్లల వివరాలు మాత్రం బయటపెట్టకూడదు.

రెండోది, పెద్దల మాటలు. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది. తాతయ్యను కూర్చోబెట్టి రికార్డు చేయడం పదో తరగతి పిల్లలకు కూడా వచ్చు. కానీ ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియాలి. మధ్యలో అడ్డు తగలకూడదు. చెప్పిన తేదీ, ఊరు, చెప్పినవారి పేరు రాసుకోవాలి. కొన్ని అవమానాలు మన పెద్దలు నోటితో చెప్పడానికి ఇష్టపడరు. వాళ్లను బలవంతం చేయకూడదు. వాళ్లు ఒప్పుకున్నంత మేరకే రాయాలి, వాళ్లు ఒప్పుకుంటేనే పేరు వేయాలి.

మూడోది, పేట పటం. మన పేటలో మొదటి బడి ఎక్కడ, చర్చి ఎప్పుడు కట్టారు, రచ్చచెట్టు ఏది, నూతి కోసం ఎవరితో తగాదా పడ్డారు, శ్మశానం దారి ఎటు, అంబేద్కర్ విగ్రహం ఏ ఏట పెట్టారు, చందా ఎవరిచ్చారు. ఒక తెల్లకాగితం మీద ఇవన్నీ గుర్తులు పెడితే అదే ఆ పేట చరిత్రకు మొదటి పుట.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఒప్పందం. సేకరించిన ప్రతిదానికీ ఒక నకలు మన హాస్టల్లో ఉండాలి, ఒక నకలు గ్రంథాలయంలోనో, సంఘం దగ్గరో ఉండాలి. పుస్తకం వస్తే సేకరించిన పిల్లల పేర్లు అందులో ఉండాలి. సంఘం కార్యవర్గంలో మనవాళ్లకు చోటు ఉండాలి. బొమ్మలు తీసుకుని, మాటలు తీసుకుని వెళ్లి, తర్వాత మొహం చూపించని పరిశోధకులను మన పేటలు చాలామందిని చూశాయి. ఈసారి అలా జరగకూడదు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉంటేనే దాన్ని భాగస్వామ్యం అంటారు.

వచ్చే అభ్యంతరాలు

'చరిత్ర కూడు పెడుతుందా, పిల్లల్ని చదువుకోనివ్వండి' అని కొందరు అంటారు. నిజమే, మన పిల్లలకు మొదట ఉద్యోగం కావాలి. నెలకు ఒక ఆదివారం ఈ పనికి ఇస్తే చదువు పాడవదు. తెలంగాణలో గ్రూప్స్ సిలబస్‌లో ఆది హిందూ ఉద్యమం పాఠం అయింది. ఒకప్పుడు ఎవరో కాగితాలు దాచి, రాసిపెట్టబట్టే అది పాఠం అయింది. రేపు మన హాస్టళ్ల చరిత్ర కూడా పాఠం కావచ్చు.

'పాత గాయాలు కెలకడం ఎందుకు' అని ఇంకొందరు అంటారు. గాయం ఒక్కటే మన చరిత్ర కాదు. రాత్రి బడి నడిపిన పంతులు, కొడుకు ట్రంకు పెట్టె కోసం ముక్కుపుడక తాకట్టు పెట్టిన తల్లి, ఏడుస్తున్న ఆరో తరగతి పిల్లవాడికి రెండో గరిటె అన్నం పెట్టిన వంటమనిషి, వీళ్లంతా మన చరిత్రే. గాయాన్ని దాచిపెడితే, దాన్ని మాన్పినవాళ్ల పేర్లు కూడా దానితోపాటే మరుగున పడిపోతాయి.

'వాళ్ల సంఘాలు వాళ్లవి, మనల్ని రానిస్తారా' అనే అనుమానం మూడోది. ఈ అనుమానానికి కారణం ఉంది, కాదనను. కానీ తలుపు తట్టకుండా మూసి ఉందని ఎలా అంటాం? రానిస్తే మంచిది. రానివ్వకపోతే రాజమండ్రి పెద్దలు 1922లో చేసినట్టే మన సంఘం మనం పెట్టుకుందాం. ఒక పుస్తకం, ఒక ఫొటో, ఒక రిజిస్టరు, పదిమంది మనుషులతోనే ఏ సంఘమైనా మొదలవుతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ వేసవి సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక్కొక్కరు మీ పేటలో అందరికన్నా పెద్ద వయసు మనిషి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. ఆయన మాటల్ని నోటుపుస్తకంలో నాలుగు పేజీలు రాసుకు రండి. అన్నయ్యలారా, అక్కయ్యలారా, పూర్వ విద్యార్థుల సంఘం తదుపరి సమావేశంలో రిజిస్టర్ల అర్జీ మీద మొదటి సంతకాలు మీరు చేయండి. వచ్చే వార్షికోత్సవం నాటికి ఆటల బహుమతుల బల్ల పక్కనే ఇంకో బల్ల వేసి, మన హాస్టల్ మొదటి బ్యాచ్ పేర్ల పుటను పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి పెడదాం. ఆ పేర్లలో తమ తండ్రి పేరు, తాత పేరు వెతుక్కునేవాళ్లు తప్పకుండా వస్తారు.

– ఒక పూర్వ విద్యార్థి